కబడ్డీ డిఫెండర్‌ను అంచనా వేయడం ఎలా? – ఒక చిన్న పరిశీలన



పోయిన ఏడాది మన హాస్టల్ వార్షికోత్సవానికి తల్లిదండ్రులు వచ్చిన రోజున ఒక అమ్మ నన్ను పక్కకు పిలిచింది. ఆమె కొడుకు మన హాస్టల్ కబడ్డీ జట్టులో ఎడమ కార్నర్ ఆడతాడు. అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. ఆమె పత్తి తీతలకు, మిరప కోతలకు కూలికి వెళ్తుంది. "బాబూ, నువ్వు పెద్ద చదువు చదువుతున్నావంట గదా. మావాడు చదువు మానేసి కబడ్డీకి పోతానంటన్నాడు. ఆ ఆట వాడికి అన్నం పెడుద్దా?" అని అడిగింది.

నేను స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. అయినా ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఇదే ప్రశ్నకు మా ఇంట్లో ఒకసారి లెక్కా పత్రం లేకుండా జవాబు చెప్పేశారు. మా అన్నయ్య కూడా కార్నరే. ప్రకాశం జిల్లాలో మా చుట్టుపక్కల ఊళ్లలో సంక్రాంతికి, తిరునాళ్లకు జరిగే పోటీల్లో అతని పట్టు చూసి జనం ఈలలు వేసేవారు. ఒక పెద్దమనిషి వచ్చి "నిన్ను టీవీలో ఆడిస్తా" అన్నాడు. నాన్న అప్పు తెచ్చి శిక్షణకు డబ్బు కట్టాడు. అన్నయ్య ఇంటర్ మధ్యలో ఆపేశాడు. ఏడాది తిరగకముందే మోకాలు దెబ్బతింది. ఆ పెద్దమనిషి మళ్లీ కనపడలేదు. ఇప్పుడు అన్నయ్య గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోస్తున్నాడు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. ఆ డిగ్రీకి ఫీజు కట్టింది ఆ టిక్కీల కూలే.

అందుకని ఆ అమ్మకు "మూడు నెలలు ఆగమ్మా, చూసి చెప్తా" అన్నాను. ఆ మూడు నెలలు ఒక నోటు పుస్తకంతో కోర్టు పక్కన కూర్చున్నాను. నేను నేర్చుకున్నది మీ అందరికీ పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

1. ముందు చోట్లు లెక్కపెట్టుకోవాలి

మన చిన్నప్పటి చెడుగుడుకు, ఇప్పటి కబడ్డీకి మధ్య చాలా మార్పు వచ్చింది. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో పురుషుల కబడ్డీ పతక క్రీడగా చేరింది. మహిళల కబడ్డీ 2010 గ్వాంగ్‌జౌలో చేరింది. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైంది. ఆ ఏడాది వేలంలో అత్యధిక ధర రాకేశ్ కుమార్‌ది, 12.80 లక్షలు. 2018లో ఇరాన్ డిఫెండర్ ఫజల్ అత్రాచలిని యు ముంబా జట్టు కోటి రూపాయలకు తీసుకుంది. 2023లో మన తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్ అనే రైడర్‌కు 2.60 కోట్ల పైన పెట్టింది.

ఈ అంకెలు వింటే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. కానీ ఇంకో అంకె కూడా ఉంది. 2017 నుంచి ఈ లీగ్‌లో 12 జట్లు ఉన్నాయి. జట్టుకు ఇరవై మంది చొప్పున వేసుకున్నా దాదాపు 240 మంది. అందులో మ్యాచ్ మొదలయ్యేటప్పుడు ఎడమ కార్నర్‌లో నిలబడేది దేశం మొత్తానికి 12 మంది. ఆ 12 చోట్ల కోసం హర్యానా, మహారాష్ట్ర, తమిళనాడు కుర్రాళ్లే కాక ఇరాన్ వాళ్లు కూడా పోటీ పడతారు. ఈ మాట ఎవరినీ భయపెట్టడానికి చెప్పడం లేదు. ఎకరంలో ఎన్ని మొక్కలు పడతాయో తెలియకుండా నారు కొనము కదా!

2. డిఫెండర్ పని ఏమిటి?

ఒక వైపు ఏడుగురు ఉంటారు. రెండు చివర్ల కార్నర్లు, వారి లోపల ఇన్‌లు, కవర్లు, నడుమ సెంటర్. రైడర్ 30 సెకన్లలో కూత ముగించి గీత దాటి వెళ్లాలి. కార్నర్ సాధారణంగా కింది నుంచి పట్టుకుంటాడు. అంటే చీలమండ పట్టు, తొడ పట్టు. కవర్ ఆటగాడు ఎదురుగా అడ్డం నిలవడమో, భుజంతో డ్యాష్ ఇచ్చి బయటకు తోయడమో చేస్తాడు.

కోర్టులో ఆరుగురు లేక ఏడుగురు ఉన్నప్పుడు రైడర్ బోనస్ గీత దాటి పాయింటు తీసుకోవచ్చు. అందుకు ఒక కాలు గీత దాటించి, రెండో కాలు గాలిలో ఉంచాలి. కార్నర్ ఎదురుచూసేది ఆ క్షణం కోసమే. చాచిన కాలు వెనక్కి వెళ్లేలోపు చీలమండ దొరకాలి. అర క్షణం ముందు వంగితే రైడర్ చెయ్యి వీపు మీద తగిలి మనవాడే అవుటవుతాడు. అర క్షణం ఆలస్యమైతే పట్టుకోవడానికి కాలు ఉండదు.

డిఫెన్స్ లేకపోతే ఏమవుతుందో టైటాన్స్ జట్టే చూపించింది. 2.60 కోట్ల రైడర్ ఉన్న ఆ 10వ సీజన్‌లో 22 మ్యాచ్‌లకు రెండే గెలిచింది. ఒక్కడు కూతకెళ్లి తెచ్చిన పాయింట్లు ఇంట్లో ఉన్న ఆరుగురు నిలబెట్టుకోలేకపోతే ఇంతే. అలాగని ఒక్క మంచి డిఫెండర్‌తోనూ పని జరగదు. 2017 సీజన్‌లో టైటాన్స్ ఎడమ కార్నర్ విశాల్ భరద్వాజ్ 71 టాకిల్ పాయింట్లు సాధించాడు. అయినా ఆ ఏడు జట్టు ప్లేఆఫ్స్‌కు చేరలేదు. కాబట్టి జట్టు ఓడింది గనుక ఆటగాడు పనికిరాడనీ, జట్టు గెలిచింది గనుక గొప్పవాడనీ అనుకోకూడదు.

3. నోటు పుస్తకంలో లెక్క

మా కుర్రాడివి మొత్తం 11 మ్యాచ్‌లు చూశాను. అంతర్ కళాశాలల పోటీలు కొన్ని, ఊళ్లలో సంక్రాంతి పోటీలు కొన్ని, స్నేహపూర్వక మ్యాచ్‌లు కొన్ని.

మొత్తం పట్టడానికి ప్రయత్నించినవి: 58
దొరికినవి: 27
తప్పినవి: 31

అంటే నూటికి దాదాపు 47. పెద్ద పెద్ద డిఫెండర్ల చేతిలోంచి కూడా ఇద్దరిలో ఒకరు జారిపోతుంటారు. కాబట్టి 47 చెడ్డ అంకె కాదు. మన వాళ్లందరూ "చూశావా అన్నా!" అన్నారు. కానీ ఇక్కడే ఆగాలి.

మొదటి సంగతి, 58 చాలా చిన్న లెక్క. నాణెం 58 సార్లు ఎగరేసినా ప్రతిసారీ సగం బొమ్మ పడదు. దీనికి క్లాసులో నేర్పిన సూత్రం ఒకటుంది. దొరికిన భాగాన్ని తప్పిన భాగంతో గుణించి (0.47 × 0.53), ప్రయత్నాల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీసి, రెట్టింపు చేయాలి. ఇక్కడ 13 శాతం వస్తుంది. అంటే ఆ కుర్రాడి అసలు సత్తా 33 నుంచి 60 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 33 అయితే కాలేజీ ఆటగాడు. 60 అయితే దేశంలో పేరున్నవాడు. మన 47కు ఆ ఇద్దరిలో ఎవరో చెప్పే శక్తి లేదు.

రెండో సంగతి, ఎవరి మీద పట్టాడు? రాష్ట్ర స్థాయిలో ఆడిన రైడర్లున్న జట్లను విడిగా తీసి చూశాను.

మామూలు జట్ల మీద: 44 ప్రయత్నాలు, 23 దొరికాయి (52 శాతం)
గట్టి జట్ల మీద: 14 ప్రయత్నాలు, 4 దొరికాయి (29 శాతం)

ఇక్కడ ఉత్సాహం తగ్గింది. కానీ అదే సూత్రాన్ని 14కు వేస్తే 5 నుంచి 53 శాతం దాకా వస్తుంది. అంటే దాదాపు ఏమీ తెలియనట్టే. కాబట్టి "గట్టివాళ్ల ముందు తేలిపోయాడు" అని తీర్పు చెప్పడం కూడా తప్పే.

మరి అంచనా 5 శాతం అటూ ఇటూగా రావాలంటే ఎన్ని ప్రయత్నాలు చూడాలి? లెక్క వేస్తే 400 వచ్చింది. మ్యాచ్‌కు అయిదు చొప్పున 80 మ్యాచ్‌లు. ఒక డిగ్రీ విద్యార్థి రెండేళ్లలో కూడా అన్ని మంచి మ్యాచ్‌లు ఆడడు. అప్పుడు ఏం చేయాలి?

మిర్చి యార్డులో కొనుగోలుదారు ఏం చేస్తాడో అన్నయ్య చెప్పాడు. టిక్కీ పైన కనపడే కాయలు చూసి ధర కట్టడు. లోపల చెయ్యి పెట్టి నడుమ నుంచి గుప్పెడు తీస్తాడు. రంగు, ఎండు, తాలు అన్నీ చూస్తాడు. ఆటలోనూ అంతే. పాయింటు వచ్చిన పట్టు పైన కనిపించే కాయ. మిగతా కూతల్లో ఏం జరిగిందో లోపలి గుప్పెడు. అవుటై బయట కూర్చున్నవి తీసేస్తే ఆ 11 మ్యాచ్‌ల్లో మా కుర్రాడు కోర్టులో నిలబడి ఎదుర్కొన్న కూతలు 312. పట్టిన 58 మాత్రమే కాక ఈ 312లో అతను ఏం చేశాడో చూస్తే మనకు తెలిసేది చాలా పెరుగుతుంది.

4. చూడవలసిన ఏడు విషయాలు

(అ) ఓపిక: నా దృష్టిలో ఇది అన్నింటికంటే ముఖ్యం. రైడర్ ఇంకా కాలు చాచకముందే దూకి తప్పిన పట్లను "తొందర" అని రాసుకున్నాను. తప్పిన 31లో 19 తొందర వల్ల తప్పినవే. అయితే మొదటి 5 మ్యాచ్‌ల్లో 14, తర్వాతి 6 మ్యాచ్‌ల్లో 5. ఆ పుస్తకమంతటిలో నాకు నిజంగా ధైర్యమిచ్చిన అంకె ఇదే. దొరికిన పట్లు అదృష్టం వల్ల పెరగవచ్చు. తొందర మాత్రం నేర్చుకుంటేనే తగ్గుతుంది.

(ఆ) మూడో కూత: వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది 'డూ ఆర్ డై'. పాయింటు తేకపోతే రైడర్ అవుట్. అప్పుడు తొందర రైడర్‌ది కావాలి, డిఫెండర్‌ది కాకూడదు. ఆ 30 సెకన్లు కార్నర్ ఎలా నిలబడ్డాడో చూస్తే అతని మనసు తెలుస్తుంది.

(ఇ) ముగ్గురే మిగిలినప్పుడు: కోర్టులో ముగ్గురు లేక అంతకన్నా తక్కువ ఉండగా పడితే సూపర్ టాకిల్, అదనంగా ఒక పాయింటు. అప్పుడు చోటు ఎక్కువ, సాయం తక్కువ. కొందరు వెనక్కి తగ్గిపోతారు. ఎదురు నిలిచేవాణ్ణి గుర్తు పెట్టుకోవాలి.

(ఈ) పక్కవాడితో పొత్తు: కార్నర్ కాలు పట్టగానే కవర్ వచ్చి మూయాలి. పట్టు తప్పితే తప్పు ఎవరిది? కార్నర్ పట్టు నిలిచి, కవర్ రాకపోతే అది కార్నర్ ఖాతాలో వేయకూడదు. నేను మొదట ఈ పొరపాటు చేసి తర్వాత దిద్దుకున్నాను. మంచి డిఫెండర్ కూతకు ముందు పక్కవాడితో మాట్లాడతాడు. మాట్లాడనివాడు ఎంత బలవంతుడైనా ఒంటరివాడే.

(ఉ) తనకు తానే అవుటవడం: తాకిడి లేకుండా లాబీలో కాలు పెట్టడం, వెనక గీత తొక్కడం. వీటిని ఎవరూ లెక్కలో రాయరు. కానీ ఎదుటి జట్టుకు ఇచ్చిన పాయింటు పాయింటే.

(ఊ) ఒళ్లు, నేల: ప్రొ కబడ్డీలో బరువు పరిమితి 85 కిలోలు. అక్కడి రైడర్లలో కొందరు ఆ పరిమితికి దగ్గరగా ఉంటారు. మా కుర్రాడు అప్పటికి 68. మట్టి మీద మన ఊరి ఆటకు అది చాలు. మ్యాట్ మీద బూట్లేసుకుని 80 కిలోలవాడు గుంజుకుంటే తొడ పట్టు నిలవదు. ఇది అతని లోపం కాదు, తిండి సంగతి. ఈ విషయం గదిలో చెప్పిన రోజు నుంచి మన వాళ్లిద్దరు మెస్‌లో తమ గుడ్డు అతని పళ్లెంలో వేస్తున్నారు. వాళ్ల పేర్లు రాయవద్దన్నారు.

(ఋ) గాయం: ఎంత పెద్ద ఆటగాడైనా ఒక్క మోకాలి దూరంలో ఉంటాడు. 2022లో తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకు తీసుకున్న పవన్ సెహ్రావత్ మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి గాయమై ఆ సీజనంతా ఆడలేదు. మంచి వైద్యం అందిన ఆయన మళ్లీ వచ్చి ఇంకా పెద్ద ధర పలికాడు. మా అన్నయ్యకు కట్టు కట్టింది ఊళ్లో నాటువైద్యుడు. గాయం ఇద్దరికీ ఒకటే, ఆ తర్వాత దొరికేది ఒకటి కాదు. పేద ఇంటి పిల్లవాడి భవిష్యత్తు అంచనా వేసేటప్పుడు ఈ తేడాను కూడా లెక్కలో వేయాలి.

5. చిన్న వయసులో మెరిసినవారి సంగతి

"పెద్దవాళ్లు చిన్నప్పుడే పైకి వచ్చారు గదా!" అని మా కుర్రాడు వాదించాడు. నిజమే. ఇరాన్‌కు చెందిన మహమ్మద్‌రెజా షాద్లూయి 21 ఏళ్ల వయసులో పాట్నా జట్టు తరఫున తన మొదటి సీజన్‌లోనే 89 టాకిల్ పాయింట్లు సాధించాడు. యూపీ యోధా కార్నర్ నితేశ్ కుమార్ 2018 సీజన్‌లో ఒకే సీజన్‌లో 100 టాకిల్ పాయింట్లు అందుకున్న మొదటి ఆటగాడయ్యాడు. వీరిని చూసి ఉత్సాహం తెచ్చుకోవాలి. కానీ వీరిని చూసి లెక్క వేయకూడదు. ఎందుకంటే మనకు టీవీలో కనిపించేది పైకి వచ్చినవారే. అదే వయసులో చదువు మానేసి, రాలేకపోయి, ఇంటికి తిరిగి వెళ్లినవారిని ఏ కెమెరా చూపించదు. వారిలో ఒకరు మా ఇంట్లోనే ఉన్నారు కాబట్టి నాకు తెలిసింది.

6. ఆ అమ్మకు చెప్పిన జవాబు

మూడు నెలల తర్వాత వాళ్ల ఊరు వెళ్లాను. పొలంలో కళ్లం మీద కాయలు ఆరబోసి ఉన్నాయి. కుర్రాడు కూడా వచ్చాడు. ముగ్గురం కూర్చున్నాం. ఇలా చెప్పాను:

"అమ్మా, మీవాడిలో పైకి వచ్చే లక్షణం ఉంది. అది తొందర తగ్గించుకోవడంలో కనపడింది. అయితే ఆట అన్నం పెడుతుందని ఇవాళ ఎవరు చెప్పినా అది అబద్ధం. పెట్టదని చెప్పినా అబద్ధమే. ఇంకో రెండేళ్లు చూడాలి. ఆ రెండేళ్లలో డిగ్రీ ఎలాగూ అయిపోతుంది. ఆట మానొద్దు, చదువూ మానొద్దు."

కుర్రాడికి కోపం వచ్చింది. "నీ లెక్క తప్పయితే అన్నా?" అన్నాడు.

"తప్పు కావచ్చు. అందుకే ఏ పక్క తప్పినా నువ్వు మునగని దారి చెప్తున్నా" అన్నాను.

దీనికి కారణం ఉంది. డిఫెండర్‌కు అన్నం పెట్టేది ప్రొ కబడ్డీ ఒక్కటే కాదు. రైల్వే, పోలీసు, సైనిక దళాల జట్లున్నాయి. క్రీడా కోటా ఉద్యోగాలున్నాయి. రైల్వేలో క్రీడా కోటా కింద తీసుకునేటప్పుడు ఆటలో సాధించిన స్థాయితో పాటు చదువు కూడా చూస్తారు. పదో తరగతికి ఒక స్థాయి పోస్టు, ఇంటర్‌కు ఒకటి, డిగ్రీకి అంతకంటే పైది. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు ఆడాలన్నా కాలేజీలో పేరు ఉండాలి. అంటే చదువు మానేసినవాడు ఆటలో కూడా ఒక మెట్టు పోగొట్టుకుంటాడు. అమ్మాయిలకు ఇది మరీ నిజం. 2016లో ప్రొ కబడ్డీ వాళ్లు మూడు జట్లతో మహిళల పోటీ పెట్టారు గానీ కొనసాగించలేదు. అర్జున అవార్డు పొందిన మమతా పూజారి లాంటి క్రీడాకారిణికి నీడనిచ్చింది దక్షిణ మధ్య రైల్వే ఉద్యోగమే.

ఆ అమ్మ అంతా విని, "అయితే రెండేళ్లు పని చేసే ఓపిక నాకుంది" అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

7. ఇప్పుడు

వేసవిలో మా కుర్రాడు ఒక సెలెక్షన్ ట్రయల్‌కు వెళ్లాడు. మ్యాట్ మీద రెండు రోజులు ఆడించారు. చివరి జాబితాలో పేరు రాలేదు. "బరువు పెరిగి రా" అన్నారట. తిరిగి వచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు నా గదికి వచ్చి ఆ నోటు పుస్తకం అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు తన లెక్క తనే రాసుకుంటున్నాడు. బరువు 73 అయింది. డిగ్రీ చివరి సంవత్సరం, బ్యాక్‌లాగులు లేవు. మొన్నటి అంతర్ కళాశాలల పోటీల్లో ఒక గట్టి జట్టు మీద 'డూ ఆర్ డై' కూతలో 25 సెకన్ల దాకా కదలకుండా నిలబడి చీలమండ పట్టాడు. ఆ ఒక్క పట్టు చూసి నేను తీర్పు మార్చుకోలేదు. కానీ ఆ రాత్రి సంతోషంగా నిద్రపోయాను.

యార్డుకు సెలవైన రోజు అన్నయ్య హాస్టల్‌కు వచ్చి ఆ పుస్తకం తిరగేశాడు. 'తొందర' అన్న గడి దగ్గర వేలు పెట్టి, "నేనూ ఇట్టాగే ముందే దూకేవాణ్ణిరా. జనం ఈలేసేవాళ్లు. తప్పని ఎవరూ చెప్పలా" అన్నాడు.

తమ్ముళ్లూ, మన హాస్టళ్లలో ప్రతిభకు కొరత లేదు. దాన్ని ఓపికగా కూర్చుని చూసేవారికే కొరత. మీ జట్టులో బాగా ఆడేవాడు ఉంటే చప్పట్లు కొట్టండి, తప్పకుండా కొట్టండి. కానీ మీలో ఒకరు ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు పట్టుకుని గీత పక్కన కూర్చోండి. ఎవరి మీద, ఎప్పుడు, ఎలా అనే మూడు గడులు గీసుకుంటే చాలు. ఏడాది తర్వాత ఎవరైనా పెద్దమనిషి వచ్చి "టీవీలో ఆడిస్తా" అంటే ఆ పుస్తకం ముందు పెట్టి మాట్లాడవచ్చు.

అందరూ ఆటలోనూ చదువులోనూ రాణించాలని మనసారా కోరుకుంటూ, సెలవు.

– ఎం.ఎస్సీ. (స్టాటిస్టిక్స్), ద్వితీయ సంవత్సరం